సెలవులో ఉన్న మనిషి

కాన్పయిన పన్నెండో రోజు, సోమవారం పొద్దున్న, మూలాలమ్మ ఆఫీసు మెట్లెక్కింది. మెట్లు మొత్తం పద్దెనిమిది. ఆరేళ్లుగా ఎక్కుతున్నవే అయినా లెక్కపెట్టాల్సిన అవసరం ఆ రోజే వచ్చింది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని, ఇంకో చెయ్యి పొత్తికడుపు మీద వేసుకుని నిలబడింది. కుట్లు లాగుతున్నాయి. పైనుంచి దిగుతున్న ప్రెస్సు మనిషి గోడకి ఒదిగి దారిచ్చాడు గాని, ఆమె మొహంలోకి చూడలేదు. సంగతి అందరికీ తెలిసిపోయిందన్నమాట.

మూలాలమ్మ అన్నది ఆమె పేరు కాదు. ఇంగ్లీషు వైద్య పదాలన్నిటికీ మన భాషలో అర్థం చెప్పే పెద్ద కోశం ఒకటి ఆ ఆఫీసులో తయారవుతోంది. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. అర్థం ఒకరు రాస్తారు. పలికే తీరు ఒకరు రాస్తారు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందా, గ్రీకు నుంచి వచ్చిందా, అక్కడ దాని అసలు అర్థమేమిటి అన్నది ఈమె రాస్తుంది. అందుకని మూలాలమ్మ. పలికే తీరు రాసే ఆయన్ని ఉచ్చారణ అంటారు. ఆయన మాట్లాడితే సగం మాటలు మీసంలోనే ఉండిపోతాయి. వీళ్లందరి మీదా ముఖ్య సంపాదకుడు. ఆయన ఎదురుగా ఉంటే సార్, లేకపోతే పెద్దాయన.

గుమ్మం పక్కన బల్ల మీద హాజరు రిజిస్టరు ఉంది. ఆమె పెన్ను తీసేలోపే ముసలి అటెండరు రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టాడు.

"వద్దమ్మా."

"ఏం?"

చెయ్యి తీసి చూపించాడు. ఆమె పేరుకి ఎదురుగా ఆ నెల చివరిదాకా, పై నెల సగందాకా, గళ్లన్నీ ఎర్ర సిరాతో నిండి ఉన్నాయి. ఒక్కో గడిలో ఒకటే మాట. సెలవు, సెలవు, సెలవు.

"పెద్దసారు రాశారు. నువ్వు సెలవులో ఉన్నావంట. సంతకం పెట్టకూడదంట."

"మరి నన్ను రమ్మని కబురు పెట్టింది ఎవరు?"

"అదీ పెద్దసారే" అన్నాడు అటెండరు. అని రిజిస్టరు మూసి, దాని మీద గాజు దిమ్మె పెట్టాడు.

పెద్దాయన గదిలో ఫ్యాను చిన్నగా తిరుగుతోంది. కుషన్ కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. "రా తల్లీ, రా. నువ్వు లేకపోతే ఆఫీసు ఆఫీసులా లేదనుకో" అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ అంతే. వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టు మాట్లాడతాడు. ఎక్కడికి నడిపించాడో గోతిలో పడ్డాక గాని తెలీదు.

"మన డాక్టరమ్మగారి సంగతి నీకు తెలుసుగా. ఈ ఆఫీసు నడిపే ట్రస్టు ఆవిడది. కాన్పయిన మనిషి ఆరు వారాలు ఆఫీసులో కనిపించకూడదని ఆవిడ రూలు. రూలు రూలే. అందుకని నీకు సెలవు రాసేశాను. కానీ పి అక్షరం మొదటి ఫారం, ఆ పదహారు పేజీలూ, శుక్రవారానికి ప్రెస్సుకి వెళ్లాలి. ఆ గడువు పెట్టింది కూడా ఆవిడే. నువ్వే చెప్పు, రెండూ నెరవేరాలా వద్దా?"

"కూర్చోలేకపోతున్నానండి. ఇంకెవరైనా..."

"ఎవరున్నారు చెప్పు? లాటిన్ వచ్చినవాళ్లు వీధికొకళ్లు ఉంటారా? సరే, వెతకమంటే వెతుకుతాను. దొరికితే మాత్రం, ఆరు వారాలయ్యాక ఆ మనిషిని పొమ్మనలేను. అది ధర్మం కాదు కదా."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"అయినా ఇంట్లో పడుకుని ఏం చేస్తావు? పసివాడుంటే వాడి చాకిరీతోనే సరిపోయేది. నీకిప్పుడు ఇంట్లో పనేముంది?"

ఇదే మాట పొద్దున్న ఆమె కన్నతల్లి ఇంకో రకంగా అంది. కూతురి కాన్పు చేయడానికని వచ్చిన మనిషి, పసిగుడ్డు కోసం కుట్టిన బట్టలన్నీ అట్టపెట్టెలో సర్ది, అటక మీదికి ఎక్కిస్తూ అంది. "బిడ్డ లేని బాలింత మంచం పట్టుకుని ఎవరికి పాలివ్వాలి? వెళ్లు. పనిలో పడితే మరుపొస్తుంది." మొగుడు చెప్పులు తొడుక్కుంటూ విని, "అత్తయ్య చెప్పింది నిజమేనేమో" అన్నాడు. బిడ్డ గురించి ఆ ఇంట్లో పన్నెండు రోజుల్లో అంతకంటే ఎక్కువ మాటలు పుట్టలేదు. అడిగితే తల్లి లేచి వంటింట్లోకి పోయేది.

మూలాలమ్మ తన బల్ల దగ్గరికి వచ్చి చూస్తే కుర్చీ లేదు. వీపుకి ఆనుకునే చెక్క కుర్చీ అది. ఉచ్చారణ దాని మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు సెలవన్నారు కదా అని" అన్నాడు మీసంలోంచి. లేవలేదు. అటెండరు మూలనున్న స్టూలు తెచ్చి వేశాడు. వీపు లేని స్టూలు. ఆమె రుమాలు నాలుగు మడతలు పెట్టి దాని మీద పరుచుకుని, ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

బల్ల మీద కార్డుల కట్ట ఉంది. ఆమె లేని పన్నెండు రోజుల్లో పి అక్షరం మూలాలు పెద్దాయన స్వయంగా రాశాడు. నూట ఎనభై కార్డులు. ప్రతి కార్డు అడుగునా రెండు గళ్లుంటాయి. ఒకటి రాసినవారిది, రెండోది సరిచూసినవారిది. రెండు గళ్లలో ఒకే మనిషి సంతకం ఉండకూడదని ఆఫీసు పుట్టిననాటి కట్టుబాటు. ఆ రెండో గడిని అందరూ రెండో కన్ను అంటారు. ఈ నూట ఎనభై కార్డుల్లోనూ రెండు గళ్లలో పెద్దాయన సంతకమే ఉంది.

"నీ సంతకం పడకూడదుగా తల్లీ, నువ్వు సెలవులో ఉన్నావు" అన్నాడాయన గుమ్మంలో నిలబడి. "నువ్వు పెన్సిలుతో దిద్దు చాలు. సిరా నేను పెట్టుకుంటాను. ఎలాగూ దిద్దాల్సింది పెద్దగా ఉండదులే."

దిద్దాల్సింది చాలానే ఉంది. పాంక్రియాస్ లాటిన్ అని రాశాడు. అది గ్రీకు, అంతా మాంసమే అని అర్థం. పటెల్లా గ్రీకు అని రాశాడు. మోకాలి చిప్పకి ఆ పేరు పెట్టింది లాటిన్ వాళ్లు, చిన్న పళ్లెం అని. పారసైట్ కూడా లాటిన్ ఖాతాలో వేశాడు. ఇంకొకరి కంచం పక్కన చేరి తినేవాణ్ణి గ్రీకులు అలా పిలిచేవాళ్లు. ఆమె అట్ట ఊడిన పాత కోశం తీసి, పేజీ తిప్పి, వేలితో వరస చూసుకుని, గట్టిగా నొక్కకుండా పెన్సిలుతో దిద్దుతూ పోయింది. ఆరేళ్లుగా చేస్తున్న పనే. పెద్దాయన తప్పులు ఆమె పెన్సిలు కిందపడి చచ్చేవి, పైకి వచ్చేటప్పటికి ఆయన పాండిత్యమయ్యేవి. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. మాట సరిగ్గా ఉంటే చాలనుకునేది.

పదకొండు గంటలకి కింద వీధిలో ఎవరి పిల్లో ఏడ్చింది. ఆకలి ఏడుపు. మూలాలమ్మ చేతిలో పెన్సిలు ఆగింది. రొమ్ములు రాళ్లయ్యాయి, తర్వాత వెచ్చగా కారడం మొదలైంది. లోపల పెట్టుకున్న గుడ్డ తడిసి, జాకెట్టు తడిసింది. పైట సర్దుకుంటుంటే ఉచ్చారణ చూశాడు.

"నీళ్లు ఒలకబోసుకున్నావా ఏంటి?" అని నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా సంగతి తట్టినట్టుంది. మిగతా సగం మీసంలో దాచుకుని, కార్డు మీదికి వంగాడు. కుర్చీ మాత్రం ఇవ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. చెప్పకుండా రావడం ఆవిడ అలవాటు. కింద కారు చప్పుడు వినగానే పెద్దాయన గదిలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"లే, లే. కార్డుల గదిలోకి వెళ్లు. త్వరగా!"

"ఎందుకండీ?"

"ఎందుకంటే ఏం చెప్పను? నువ్వు ఇక్కడ లేవు!"

ఆమెని భుజం పట్టుకుని లేపాడు. కార్డుల గది అంటే ఇనప బీరువాల మధ్య మనిషి పట్టేంత సందు. కిటికీ లేదు. కూర్చోడానికి నేల తప్ప ఏమీ లేదు, నేల మీద కూర్చుంటే ఆమె తనంతట తను లేవలేదు. అందుకని ఏ అక్షరం బీరువాకో వీపు ఆనించి నిలబడింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. హాల్లో మాటలన్నీ వినిపిస్తున్నాయి.

డాక్టరమ్మది గరగరలాడే గొంతు. డెబ్భై దాటాయి, నలభై ఏళ్లు కాన్పులు చేసింది. "మన మూలాలమ్మాయి ఎలా ఉందయ్యా?" అని అడిగింది మొట్టమొదటే.

"బ్రహ్మాండంగా ఉందండి. పుట్టింటికి వెళ్లింది."

"కాన్పు సుఖంగా అయిందా? ఏ బిడ్డ?"

బీరువాల సందులో మూలాలమ్మ తలుపు వైపు తిరిగింది.

"మగపిల్లాడండి" అన్నాడు పెద్దాయన. "తల్లీ బిడ్డా క్షేమం."

"మంచిది, మంచిది. ఇదిగో, టోపీ అల్లాను. మగో ఆడో తెలీక పసుపు రంగు తీసుకున్నాను. శనివారం ఫారం చూడ్డానికి వస్తాగా, ఆ అమ్మాయినీ ఓ అరగంట రమ్మను. కారు పంపిస్తాను. నా చేత్తో ఇస్తాను... ఎందుకులే, అప్పటికి నేను మర్చిపోతాను. నీ దగ్గరే పెట్టు, పంపించెయ్యి."

"మా ఆఫీసులో ఆడపిల్లలకి సెలవు విషయంలో లోటు రానివ్వనండి. రిజిస్టరు చూడండి కావాలంటే" అంటున్నాడు పెద్దాయన.

తలుపు తోసుకుని బయటికి వెళ్లి, అబద్ధం అని ఒక్క మాట అంటే అయిపోయేది. మూలాలమ్మ తలుపు దాకా వెళ్లింది కూడా. చెయ్యి గొళ్లెం మీద పెట్టింది. డాక్టరమ్మ ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. పెద్దాయన రోజూ వస్తాడు. ఆమె చెయ్యి తీసేసింది.

గంటన్నర నిలబడింది. కాళ్ల మధ్య వెచ్చగా జారుతుంటే తొడలు దగ్గరికి బిగించి నిలబడింది. కారు వెళ్లాక పెద్దాయన తలుపు తీశాడు. చేతిలో పసుపుపచ్చ ఊలు టోపీ ఉంది, నారింజపండంత ఉంది.

"అలా చూడకు. పోయిందని చెప్తే ఆవిడ ఊరుకుంటుందా? పరామర్శకి సరాసరి మీ ఇంటికే వస్తుంది. నువ్వేమో ఇక్కడుంటావు. ఎంత రభస! నీ మంచి కోసమే చెప్పాను." టోపీ ఆమె చేతిలో పెట్టాడు. "ఉంచు. పక్కింటి పిల్లలకైనా పనికొస్తుంది. ఆ, శనివారం ఎలాగూ రావాలి నువ్వు. బాబేడీ అంటే జలుబు చేసిందని చెప్పు."

"ఆడపిల్లండి" అంది మూలాలమ్మ.

"ఏంటి?"

"పుట్టింది ఆడపిల్ల."

"ఇప్పుడు ఏదైతే ఏముంది తల్లీ" అని పెద్దాయన ఫ్యాను కిందికి వెళ్లిపోయాడు.

గురువారం ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ఒక కార్డు పట్టుకుని హాల్లోకి వచ్చి, అందర్నీ పని ఆపమని, నిలబడి చదివాడు. పార్చురిషన్ కార్డు. కాన్పుకి వైద్య పుస్తకాల్లో వాడే పెద్దమాట. "మూలం వినండి. లాటిన్‌లో పార్స్ అంటే భాగం. పార్తీరె అంటే విడదీయడం. తల్లి నుంచి బిడ్డ విడివడటమే పార్చురిషన్! ఎంత చక్కగా కుదిరిందో చూశారా? ఎవరికీ తట్టదు ఇది. శనివారం డాక్టరమ్మగారి ముందు ఇదే చదువుతాను."

"అద్భుతం సార్" అంది మీసం.

మూలాలమ్మ తల ఎత్తలేదు. అది తప్పని వినగానే తెలిసింది. చెవికి దగ్గరగా వినిపించిన మాటల్ని అన్నదమ్ములనుకోవడం ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు. పార్ట్ కనిపించగానే భాగమనుకున్నాడు. పేరు కలిసిందని పక్కింటివాణ్ణి చుట్టం చేసుకున్నట్టు.

శుక్రవారం మధ్యాహ్నానికి నూట డెబ్భై తొమ్మిది కార్డులు దిద్దడం అయింది, వాటి మీద పెద్దాయన సిరా పెట్టడమూ అయింది. మిగిలింది అదొక్కటే. కింద ప్రెస్సు మనిషి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఆమె పాత కోశం తెరిచింది. తెరవక్కర్లేదు, తెలుసు, కానీ చూడకుండా దిద్దే అలవాటు లేదు. పారెరె అంటే కనడం. పేరెంట్ అన్న మాటా ఆ ఇంటి పిల్లే. పార్తురీరె అంటే కనబోతూ ఉండటం, నొప్పులు పడుతూ ఉండటం. పార్చురిషన్ ఆ నొప్పుల్లోంచి వచ్చింది. భాగాల్లోంచి, వాటాల్లోంచి కాదు.

ఆమె ఆ వరస మీద వేలు పెట్టుకుని కూర్చుండిపోయింది. పద్దెనిమిది గంటలు పడింది ఆ నొప్పులు. చివర్లో నర్సు గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే, గుడ్డ తొలిగి ఒక పాదం కనిపించింది. ఆమెకి చూపించింది అంతే. మొహం చూడొద్దన్నారు, చూస్తే మర్చిపోలేవన్నారు. ఇప్పుడు మర్చిపోవడానికి ఆమె దగ్గర ఆ పాదం తప్ప ఇంకేమీ లేదు.

పెన్సిలు మొన కార్డు మీద ఆనించింది. కొట్టెయ్యడానికి ఒక గీత చాలు, పక్కన రాయడానికి నాలుగు మాటలు చాలు. కార్డు అడుగున రెండు గళ్లు చూసింది. రాసినవారు, పెద్దాయన. సరిచూసినవారు, పెద్దాయన. రెండు సంతకాల కిందా తోకలు ఒకే తీరుగా వంకర తిరిగి ఉన్నాయి.

"అయిందా తల్లీ?" గదిలోంచి కేక వచ్చింది.

"అయిందండి."

పెన్సిలు పక్కన పెట్టింది. కార్డుని దిద్దినవాటి మధ్యలో, దాని అక్షరక్రమంలో సర్ది, కట్టకి దారం చుట్టింది. తెలిసి తెలిసి ఆమె చేతి మీదుగా వెళ్లిన మొదటి తప్పు అది. సిగ్గేసింది. అట్ట ఊడిన కోశం వైపు చూడలేకపోయింది. అయినా ప్రెస్సు మనిషి చెయ్యి చాపితే కట్ట అందించింది.

శనివారం పది గంటలకి ఆమెని డాక్టరమ్మ కారు తీసుకొచ్చింది. డ్రైవరు చంటిబిడ్డ కోసమని వెనక సీట్లో మెత్త కూడా వేశాడు. ఆ మెత్త పక్కన ఆమె ఒక్కతే కూర్చుని వచ్చింది. టోపీ సంచిలో ఉంది.

హాల్లో బల్లలన్నీ కలిపి తెల్లగుడ్డ పరిచారు. మధ్యలో కొత్త ఫారాలు, ఇంకా సిరా వాసన పోలేదు. కింద ఇంకో నాలుగు వేలు ఆరుతున్నాయి. డాక్టరమ్మ ఆమెని చూడగానే, "ఏమ్మా, బాబేడీ?" అంది.

"జలుబు చేసిందటండి" అని పెద్దాయనే అందుకున్నాడు.

"నిన్ను కాదయ్యా అడిగింది. పాలు తాగుతున్నాడా అమ్మా?"

మూలాలమ్మ తల దించుకుంది. కొత్త తల్లి సిగ్గనుకుని డాక్టరమ్మ ఆమె బుగ్గ మీద తట్టింది.

పెద్దాయన గొంతు సవరించుకుని, ఫారం కళ్లకి ఎదురుగా పట్టుకుని, చదవడం మొదలుపెట్టాడు. భాగం దగ్గర ఒకసారి, విడివడటం దగ్గర ఇంకోసారి ఆగి, గాల్లో చెయ్యి తిప్పాడు. ఉచ్చారణ చప్పట్లు కొట్టబోయి, డాక్టరమ్మ మొహం చూసి చేతులు దించేసుకున్నాడు.

"మళ్లీ చదువు" అంది ఆవిడ.

చదివాడు.

"యాభై ఏళ్ల కింద మాకు మొదటి తరగతిలో నేర్పిన మాటయ్యా ఇది. పార్ట్ అంటే భాగమని రాసినవాణ్ణి మా మేష్టారు బెంచీ ఎక్కించాడు. వాడి మొహం నాకింకా గుర్తుంది. ఎవరు రాశారిది?"

పెద్దాయన ఫారం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి మూలాలమ్మ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు.

"మూలాలు చూసేది ఈ అమ్మాయేనండి" అన్నాడు. "జాగ్రత్తగా చూడమని నెత్తీ నోరూ కొట్టుకుంటాను. ఏం తల్లీ, ఇంత తప్పు నీ కంటికి ఆనలేదా?"

అందరి తలలూ ఇటు తిరిగాయి. మూలాలమ్మ నిలబడే ఉంది. సంచి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"నేను సెలవులో ఉన్నానండి" అంది.

పెద్దాయన నోరు తెరిచాడు. లేదు, ఈ వారమంతా ఇక్కడే ఉంది అనాలి. అంటే ఆరు వారాల రూలు లేస్తుంది. దాని వెనకే పుట్టిల్లు, దాని వెనకే మగపిల్లాడు, జలుబు, అన్నీ వరసగా లేస్తాయి. తెరిచిన నోరు మూసేశాడు.

"రిజిస్టరు పట్రా" అంది డాక్టరమ్మ.

అటెండరు అంత త్వరగా నడవడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. గాజు దిమ్మె పక్కన పెట్టి, రిజిస్టరు తెరిచి, ఎవరూ అడక్కపోయినా గడి గడికీ వేలు పెట్టి పైకి చదివాడు. "సోమవారం, సెలవు. మంగళవారం, సెలవు. బుధవారం, సెలవు. గురువారం..." పెద్దాయన చెమట తుడుచుకున్నాడు. ముసలాయన శుక్రవారం కూడా చదివి గాని ఆపలేదు.

ప్రెస్సు నుంచి కార్డు తెప్పించారు. డాక్టరమ్మ కళ్లజోడు ఎత్తి, అడుగున రెండు గళ్లూ చూసింది.

"రాసింది నువ్వు. సరిచూసింది నువ్వు. నెట్టింది మాత్రం ఇంట్లో బిడ్డతో ఉన్న మనిషి మీదికి. నీకు సిగ్గు లేదుటయ్యా?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది అక్కడున్నవాళ్లకి. "నాలుగు వేలూ చిత్తుకాగితాలకి పడెయ్యి. నువ్వు రాసినవన్నీ మళ్లీ ఈ అమ్మాయి చూడాలి. సెలవయ్యాక."

"అంతదాకా... అంటే గడువు..."

"అంతదాకా పి ఆగుతుంది. మనుషులు ఆగట్లేదూ?" అని ఇటు తిరిగింది. "అయ్యో, ఇంకా నిలబడే ఉన్నావా? పచ్చి బాలింతవి, కూర్చో. అది కాదు, స్టూలు కాదు. ఆ కుర్చీ ఇవ్వండి."

పెద్దాయన కుషన్ కుర్చీ అది. అటెండరు గదిలోంచి ఈడ్చుకొచ్చాడు. మూలాలమ్మ కూర్చుంది. ఆ వారంలో వీపుకి ఏదైనా ఆనడం అదే మొదటిసారి.

"సరైనది నువ్వు చెప్పమ్మా. ఆయన రాసుకుంటాడు."

పెద్దాయన బల్ల మీదికి వంగి, నిలబడి, కొత్త కార్డు మీద పెన్ను పెట్టాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది, ఆయన చెయ్యి అందుకోవడానికి వీలుగా. "పారెరె, కనడం. దాన్నుంచి పార్తురీరె. కనబోతూ నొప్పులు పడుతూ ఉండటం."

"ఉండటం" అని రాశాడాయన.

"అంతే. ఆ మాట నొప్పులు పడే మనిషి గురించి. పుట్టిందెవరు, ఏమయ్యారు అన్న సంగతి అందులో లేదు."

"అది కూడా రాయాలా?" అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండా.

"రాయి" అంది డాక్టరమ్మ. "బాగా చెప్పింది."

రాశాడు. రాసినవారి గడిలో సంతకం పెట్టి, రెండో గడి దగ్గర పెన్ను ఆపి, ఖాళీగా వదిలేశాడు. మూలాలమ్మ ఆ ఖాళీ గడి చూసింది. గెలిచానని ఒక్క క్షణం అనిపించింది. సరిగ్గా ఆ క్షణంలోనే వెచ్చగా కారడం మొదలైంది. పైట మీద మరక రూపాయి బిళ్లంత అయి, అరచెయ్యంత అయింది. ఈసారి అందరూ చూశారు.

డాక్టరమ్మ నవ్వింది, ప్రేమగా. "చూశారా, పాలు అబద్ధం చెప్పవు. అక్కడ పిల్లాడు ఏడుస్తూ ఉంటాడు. ఆకలేస్తోందేమో కదమ్మా వాడికి?"

పెద్దాయన మొదటిసారి ఆమె మొహంలోకి తిన్నగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. ఆమె లేదు అంటే ఆయన పని అయిపోతుంది. సెలవులో ఉన్నానన్న ఆమె మాట కూడా అయిపోతుంది. మిగిలిన మూడున్నర వారాల సెలవు, ఉద్యోగం, వీపుకి ఆనే కుర్చీ, అన్నీ ఆ లేని మగపిల్లాడి మీదే నిలబడి ఉన్నాయి.

"అవునండి" అంది మూలాలమ్మ. "ఆకలేస్తూ ఉంటుంది వాడికి."

వాడికి. అనేశాక ఆ మాట నోట్లో చేదుగా ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే ఈసారి లెక్కపెట్టలేదు. అటెండరు కిందదాకా వచ్చి, కారు తలుపు తీసి నమస్కారం పెట్టాడు.

పదకొండున్నరకే ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి చేతిలో చీపురు వదిలేసింది.

"ఏమే, ఉద్యోగం ఊడిందా?"

"లేదు. సెలవిచ్చారు. మూడున్నర వారాలు."

"ఎవరిచ్చారు? ఆ పెద్దాయనే?"

"కొడుకు ఇచ్చాడు."

"ఏ కొడుకే?"

ఆమె స్టూలు జరుపుకుని, ఎక్కొద్దే అని తల్లి అరుస్తున్నా వినకుండా ఎక్కి, అటక మీది అట్టపెట్టె దించింది. పసుపు టోపీ తీసి, కుట్టిన చిన్న చొక్కాల మీద పెట్టింది. మూత వేయలేదు. పెట్టె పక్కన పెట్టుకుని మంచం మీద పడుకుంది. తడిసిన జాకెట్టు మార్చుకోవాలన్న ఓపిక కూడా లేదు.

తల్లి అలవాటుగా వంటింటి వైపు నడిచింది.

"అమ్మా" అంది మూలాలమ్మ. "నువ్వు చూశావుగా మొహం."

తల్లి ఆగింది. వీపు ఇటే ఉంది.

"నన్ను చూడనివ్వలేదు. నువ్వు చూశావు. ఎవరి పోలిక?"

వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు. తల్లి వెళ్లలేదు. పొంగి, పొయ్యి మీద పడి, మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, కూతురి నుదుటి మీద జుట్టు పైకి తోసింది. నుదురూ, కనుబొమలూ, ముక్కూ వేలితో వరసగా తడిమి చూసింది.

"నీ పోలికే" అంది. "అంతా నీ పోలికే."